జూన్ 5న మొక్కలు నాటొద్దు

మా కాలనీ చెరువు కట్ట పక్కన చిన్న పర్యావరణ కేంద్రం ఒకటుంది. రెండు గదులు, ఒక వరండా, వెనకాల నర్సరీకి కాస్త జాగా, గేటు పక్కన నోటీసు బోర్డు. కొందరం చందాలు వేసుకుని, ఆదివారాలు పని పంచుకుని నడుపుతున్నాం. ఆ బోర్డు మీద ‘రాబోయే కార్యక్రమాలు, వార్తలు’ అని ఒక కాగితం ఎప్పుడూ అంటించి ఉంటుంది. వచ్చే ఏడాది ఆ కాగితంలో ఏం రాయాలన్నదాని మీద ఇప్పుడు మా కమిటీలో రచ్చ నడుస్తోంది. దానికి కారణం నేనే. జూన్ 5న మొక్కలు నాటే కార్యక్రమం తీసేయమన్నాను.

“పర్యావరణ కేంద్రంలో పర్యావరణ దినోత్సవం వద్దంటే ఎట్లమ్మా? రేపు పెళ్లింట్లో తాళి కూడా వద్దంటావ్” అన్నారు కమిటీలో ఒక పెద్దాయన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ వాదన వదులుకోలేదు. మీటింగులో ఐదు నిమిషాల్లో చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పాత కాగితం చూడండి. ఫిబ్రవరి 2 చిత్తడి నేలల దినం, మార్చి 22 నీటి దినం, ఏప్రిల్ 22 ధరిత్రీ దినం, మే 22 జీవవైవిధ్య దినం, జూన్ 5 పర్యావరణ దినం, సెప్టెంబర్ 16 ఓజోన్ దినం. ఏ ఊళ్లో ఏ కేంద్రానికి వెళ్లినా దాదాపు ఇదే జాబితా. ఊరి పేరు కొట్టేసి ఇంకో ఊరి పేరు రాసినా ఏ తేడా రాదు. నా గొడవంతా ఇక్కడే. మా కేంద్రం ఒక చెరువు పక్కన, ఒక రకం నేల మీద, ఒక రకం ఎండలో ఉంది. మా కాగితం చదివితే ఆ సంగతి ఎక్కడా తెలియదు.

ఈ తారీఖులు ఎవరు పెట్టారో చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. ఏప్రిల్ 22 అమెరికాలో 1970లో మొదలైంది. కాలేజీ పిల్లలు పెద్ద సంఖ్యలో రావాలని, వాళ్ల వసంతకాలపు సెలవులు అయిపోయి చివరి పరీక్షలు ఇంకా మొదలుకాని రోజుల్లోంచి ఏరి ఆ తేదీ పెట్టుకున్నారు. చక్కటి ఆలోచన. ఎవరు రావాలనుకున్నారో వాళ్ల వీలు చూసుకున్నారు, జనం లక్షల్లో వచ్చారు. ఇక జూన్ 5 సంగతి. 1972లో స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు మొదలైన రోజది. ఆ గుర్తుగా పెట్టుకున్నారు. అదీ తప్పేం కాదు. కానీ వాళ్ల పద్ధతి వదిలేసి, తారీఖు మాత్రం తెచ్చుకున్నాం మనం.

మన దగ్గర ఆ రోజులెలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ 22న పొద్దున పది దాటితే తారు రోడ్డు మీద చెప్పులు అంటుకుంటాయి. పిల్లలకు పరీక్షలు అయిపోయి రేపో మాపో సెలవులు. మే 22న బడులు మూసి ఉంటాయి. జూన్ 5న కూడా మూసే ఉంటాయి, రెండు రాష్ట్రాల్లోనూ బడులు తెరిచేది మామూలుగా జూన్ 12న. పర్యావరణ కేంద్రానికి ముఖ్యమైన అతిథులు పిల్లలే అని ప్రతి మీటింగులో చెప్పుకుంటాం. తీరా పెద్ద కార్యక్రమాలన్నీ వాళ్లు అమ్మమ్మల ఊళ్లలో ఉన్నప్పుడు పెట్టుకుంటాం. వచ్చేది మేమూ, మా ఫోన్లూ, ఒక ముఖ్య అతిథీ.

మొక్కల సంగతి మరీ అన్యాయం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. జూన్ 5 నాటికి రోహిణి కార్తె ఇంకా పోదు. మృగశిర వచ్చేది ఏడో ఎనిమిదో తారీఖున. అది వచ్చినా హైదరాబాద్‌లో వాన నిలకడగా పట్టేసరికి జూన్ చివరో జూలైయో అవుతుంది. ఈ లోగా నాటిన మొక్క ట్యాంకరు నీళ్ల మీద బతకాలి. నల్లటి ప్లాస్టిక్ కవరులో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్కని తీసి, ఎండకి కాలిన మట్టిలో పెట్టి, మొదటి రోజు అరబకెట్ నీళ్లు పోసి ఫొటో దిగుతాం. రెండో రోజుకి గుంత అంచులు బీటలు తీస్తాయి. వారం తిరిగేసరికి ఆకులు అంచుల నుంచి లోపలికి గోధుమరంగు తిరుగుతాయి. పేరు రాసి కట్టిన బోర్డు మాత్రం పచ్చగానే ఉంటుంది, అది ప్లాస్టిక్ గదా.

మా దగ్గర నీళ్లు పోసే ఆయన ఈ మాట నాకంటే ముందే చెప్పాడు. “మేడం, వానలు పడ్డంక పెడితే నాకు పని తప్పుతది, చెట్టు బతుకుతది. ఇప్పుడు పెట్టి నన్ను తిప్పల పెడుతుండ్రు” అన్నాడు. ఆయన కమిటీ మెంబరు కాదు కాబట్టి ఆ మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కలేదు.

నిజానికి ఇదేమీ కొత్త తెలివి కాదు. 1950లో కె.ఎం. మున్షీ కేంద్రంలో ఆహార, వ్యవసాయ మంత్రిగా ఉన్నప్పుడు వన మహోత్సవం మొదలుపెట్టి జూలై మొదటి వారంలో పెట్టారు. వాన పడ్డాక నాటమని. తెలంగాణలో హరితహారం 2015లో మొదలుపెట్టినప్పుడూ జూలైలోనే మొదలుపెట్టారు. ప్రభుత్వాలు ఏ మొక్కలు ఎంచాయి, ఎన్ని బతికాయి అన్నది వేరే చర్చ. రోడ్ల మధ్యన తెగ పెంచిన కోనోకార్పస్‌ని తర్వాత వద్దనుకున్నారు కూడా. కానీ నెల మాత్రం సరిగ్గానే ఎంచుకున్నారు. ఆ మాత్రం మేం చేయలేమా?

కార్యక్రమాల కాగితం చూస్తే ఆ కేంద్రం ఎవరికి జవాబు చెప్పుకుంటోందో తెలిసిపోతుందని నా నమ్మకం. మా కాగితం పత్రికా విలేఖరికీ, దాతకీ, అతిథికీ జవాబు చెప్పుకుంటోంది. చెరువుకీ, నేలకీ, ఇక్కడి మనుషుల పనివేళలకీ కాదు. వేరేలా నడుపుకున్న చోట్లు లేకపోలేదు. రెండు చెబుతాను, ఒకటి చాలా దూరం, ఒకటి దగ్గర.

దూరంది ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరం. అక్కడ బ్రన్స్‌విక్ ఈస్ట్‌లో మెర్రి క్రీక్ అనే వాగు ఒడ్డున సెరెస్ అనే పర్యావరణ కేంద్రం ఉంది. ఒకప్పుడు అది రాతి క్వారీ. రాయి అయిపోయాక ఊరి చెత్త పోసుకున్నారు. 1982లో చుట్టుపక్కల జనం ఆ చెత్తదిబ్బ మీద చెట్లు, కూరగాయల మళ్లు, నర్సరీ పెట్టడం మొదలుపెట్టారు. ఇప్పుడు బడి పిల్లలు బస్సుల్లో వచ్చి చూసి వెళ్తారు. మా చెల్లెలు అక్కడే ఉంటుంది, వాళ్లబ్బాయి క్లాసువాళ్లతో వెళ్లి వచ్చి, కోళ్ల గూడు గురించి గంట సేపు వీడియో కాల్‌లో చెప్పాడు.

నాకు నచ్చింది కోళ్ల గూడు కాదు, అక్కడి ఒక పండగ. ఆ వాగు ఒడ్డున చెట్లు పోయాక అక్కడి ఒక రకం లకుముకి పిట్ట రావడం మానేసింది. జనం ఏళ్ల తరబడి అక్కడి నేలకు చెందిన చెట్లే మళ్లీ నాటుకుంటూ వచ్చారు. పిట్ట మళ్లీ వచ్చింది. అది తిరిగొచ్చినందుకు 1994 నుంచి ప్రతి ఏటా, అక్కడి వసంతం చివర్లో, పిట్ట వచ్చే రోజుల్లో పండగ చేసుకోవడం మొదలుపెట్టారు. చాలా ఏళ్లు జరిగిందది. ముందు పని చేశారు, పని ఫలించాక పండగ పెట్టుకున్నారు. నెల పిట్ట చెప్పింది, కమిటీ కాదు. మేమైతే పిట్ట రాకముందే బ్యానర్ వేయిస్తాం.

మన పాలపిట్టకు ఏం చేశామో గుర్తు తెచ్చుకోండి. దసరా నాడు పాలపిట్టని చూస్తే మంచిదని నమ్మకం. వానలు వెనకబట్టాక ఊరు దాటి పొలాల వైపు నడిస్తే కరెంటు తీగ మీద కూర్చుని కనబడేది. జమ్మి కోసం ఊరి బయటికి నడిచేవాళ్లకి దారిలో అది కూడా కనబడితే ఆ ఏడు బాగుంటుందనుకునేవాళ్లు. సిటీలో పొలాలు పోయాయి, నమ్మకం పోలేదు. దాంతో పిట్టని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి డబ్బులు అడిగేవాళ్లు తయారయ్యారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, అటవీ శాఖ దసరా ముందు దాడులు కూడా చేస్తుంటుంది. తారీఖు ఉండి పిట్ట లేకపోతే జరిగేది ఇదే. పిట్టని తారీఖు దగ్గరికి ఈడ్చుకొస్తాం.

ఇక దగ్గర చోటు. హైదరాబాద్ నుంచి ముంబై హైవే మీద రెండు గంటలకు పైగా వెళితే జహీరాబాద్. పక్కనే పస్తాపూర్, కాస్త అవతల మాచ్‌నూర్. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ 1983 నుంచీ పని చేస్తోంది, ఊళ్లలోని మహిళా సంఘాల ద్వారా. సంఘాల్లో ఎక్కువ మంది దళిత మహిళలు, చిన్న కమతాలవాళ్లు. సొసైటీని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీశ్, దూరదర్శన్‌లో పని చేసి ఈ పనిలోకి వచ్చిన మనిషి, 2023 మార్చిలో పోయారు. చిరుధాన్యాల గురించి ఇప్పుడు సూపర్‌మార్కెట్లు మాట్లాడుతున్నవన్నీ ఆ ఆడవాళ్లు మూడు దశాబ్దాల ముందు నుంచీ పొలంలో చేసి చూపిస్తున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

అక్కడ పాత పంటల జాతర అని జరుగుతుంది. సంక్రాంతికి మొదలై నెల రోజుల పాటు ఎడ్ల బండ్లు ఊరూరూ తిరుగుతాయి. బండ్లకు మామిడాకులు, జొన్న కంకులు, సజ్జ కంకులు, కొర్ర వెన్నులు కడతారు. లోపల మట్టికుండల్లో, బుట్టల్లో విత్తనాలు. కొర్రలు, సామలు, పచ్చజొన్న, కంది, పెసర, అలసంద, అవిసె, కుసుమ. డప్పు కొడుతూ ఊళ్లోకి వెళ్తే ఊరివాళ్లు ఎదురొచ్చి బండికి హారతిస్తారు. తర్వాత చెట్టు కిందో గుడి ముందో కూర్చుని మాట్లాడుకుంటారు, ఈసారి ఏం వేశారు, ఏది పోయింది, ఏ విత్తనం ఎవరి దగ్గర మిగిలింది. నెల తిరిగాక జాతర ముగుస్తుంది.

ఆ నెల ఎందుకో ఆలోచించండి. వానాకాలపు పంట ఇల్లు చేరి ఉంటుంది. మంచి కంకి ఏదో, ఏ విత్తనం దాచుకోవాలో చూసుకునే రోజులు. బూడిదో, వేపాకో కలిపి బుట్టలో పోసి మట్టితో మూతి మెత్తే ముందు, ఒకరి విత్తనం ఇంకొకరు చూసే వీలు అప్పుడే. జూన్ 5న ఆ బండ్లు తిప్పితే? ఆ రోజుల్లో విత్తనమంతా దుక్కి కోసం ఎదురుచూస్తుంటుంది, మనుషులు మబ్బు కోసం. ఎవరు కూర్చుని మాట్లాడతారు?

వాళ్ల రేడియో కథ ఇంకా ముచ్చటేస్తుంది. మాచ్‌నూర్‌లోని సంఘం రేడియోకి స్టూడియో 1990ల చివర్లోనే ఉంది, ప్రసారానికి అనుమతి లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నది 2006లో. అప్పటిదాకా ఆ ఆడవాళ్లు రికార్డు చేసిన క్యాసెట్లు సంఘాలకు తీసుకెళ్లి వినిపించారు. 2008 అక్టోబరులో ఎఫ్‌ఎం 90.4 మీద ప్రసారం మొదలైంది. రోజుకు రెండు గంటలు, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది. పొలం పని ముగించి, ఇంటికొచ్చి, పొయ్యి వెలిగించే వేళ అది. నడిపేదీ ఊరి ఆడవాళ్లే, నర్సమ్మ అనే ఒకే పేరున్న ఇద్దరు, వాళ్ల మాటలోనే. వినేవాళ్ల రోజు ఎలా సాగుతుందో తెలిసినవాళ్లు పెట్టిన టైమ్ అని చూడగానే తెలుస్తుంది. మా కేంద్రం వర్క్‌షాపులన్నీ శనివారం పదకొండు గంటలకు. మా కాలనీలో ఇళ్లలో పని చేసే ఆడవాళ్లు ఆ వేళకి మూడో ఇంట్లో అంట్లు తోముతుంటారు. చెత్త వేరు చేయడం గురించి మేం ఎవరికి చెప్పాలో, వాళ్లు లేని టైమ్ చూసి పెట్టినట్టుంటుంది.

దీనికి కమిటీ ఇచ్చే జవాబులు నాకు కంఠస్థం. ఒకటి, మనది పల్లె కాదు, ఎవరికీ పొలాల్లేవు, కార్తెలు పట్టుకుని ఏం చేసుకుంటాం? రెండు, జూన్ 5న చేయకపోతే పేపర్లో రాదు, పేపర్లో రాకపోతే చందాలు రావు. రెండోది నేను తేలిగ్గా కొట్టిపారేయను. మా నర్సరీ షేడ్‌నెట్ అలా వచ్చిన డబ్బుతోనే కొన్నాం. అందుకే అంటున్నాను, జూన్ 5న పేపరువాళ్లని పిలవండి, తప్పకుండా పిలవండి. పిలిచి చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ చూపించండి. వాన ఇంకా రాలేదు కాబట్టి కాలువ ఎండి ఉంటుంది, అందులో ఏముందో అప్పుడే కనబడుతుంది. పరుపులు, పగిలిన కమోడ్లు, ఇల్లు కట్టి మిగిలిన సిమెంటు ముద్దలు. ఆ రోజు అవి తీసేద్దాం. రోహిణి కార్తెలో చేయదగ్గ పని అదే, మొక్క నాటడం కాదు. వారం తర్వాత వాన పడితే నీళ్లు చెరువులోకి పోతాయా, పక్క వీధి సెల్లార్లలోకి పోతాయా అన్నది ఆ కాలువ మీదే ఆధారపడి ఉంటుంది. ఇంతకంటే పెద్ద వార్త పేపరుకి ఏం కావాలి?

మొదటిదాని సంగతి. సిటీలో రుతువులు లేవని ఎవరన్నారు? జూన్ చివర్లో ఆరుద్ర కార్తెలో నాలుగు చినుకులు పడగానే ఖాళీ ప్లాటులో ఎర్ర మఖమల్ బట్ట కత్తిరించి పారేసినట్టు ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. అప్పటికి బడులు తెరిచి ఉంటాయి, ఆ వారం పిల్లల్ని తీసుకెళ్లాలి. వినాయక చవితికి మట్టి విగ్రహాలు పంచడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు, పొల్యూషన్ బోర్డు కూడా చేస్తోంది. మేం చేయాల్సింది పత్రి. ఇరవై ఒక్క ఆకుల పేర్లు పూజ పుస్తకంలో చదువుతాం, బజారులో ఏదో గడ్డి కట్ట కొనుక్కొస్తాం. ఉత్తరేణి, వాకుడు, వావిలి, మద్ది, జిల్లేడు, జమ్మి, వీటిలో మా చెరువు చుట్టూ ఎన్ని మిగిలాయో చవితికి ముందు ఆదివారం తిరిగి చూద్దాం. ఆ రోజు వండుకునే తుమ్మికూర కట్ట ధర చూసి ఏటా తిట్టుకుంటాం కదా, అది గట్టు మీద తనంతట తాను మొలిచే మొక్క.

బతుకమ్మకి తంగేడు, గునుగు. తంగేడు రాష్ట్ర పుష్పం, కానీ కాలనీ మొత్తంలో ఒక్క పొద లేదు. దాన్ని పిచ్చి మొక్క అని జేసీబీతో గీకించి అక్కడ లాన్ వేశారు. నర్సరీలో ఎవరూ అమ్మరు, ఎందుకంటే ఎవరూ కొనరు. మేం నాటాల్సింది అది. కార్తికంలో వనభోజనాలు ఎలాగూ చేస్తాం, ఉసిరి చెట్టు కిందే చేస్తాం, దానికి స్టీలు పళ్లేలు మా కేంద్రం ఇస్తే చాలు, ప్రత్యేక కార్యక్రమమేమీ అక్కర్లేదు. ఫిబ్రవరి 2 మాత్రం ఉంచేద్దాం. చలికాలం వలస పిట్టలు అప్పటికింకా చెరువు వదిలిపెట్టవు. అరువు తెచ్చుకున్న తారీఖుల్లో మనకి అతికినట్టు సరిపోయింది అదొక్కటే.

వార్తల భాగం కూడా మారాలి. ఇప్పుడు మా వార్తలన్నీ ఒకే అచ్చు: ఫలానావారు విచ్చేశారు, జ్యోతి వెలిగించారు, పర్యావరణ ప్రాముఖ్యతను వివరించారు. చదివినవాళ్లకి చెరువు గురించి ఒక్క ముక్క తెలియదు. బోర్డు మీద పైన మొట్టమొదట రాయాల్సింది ఈ నెల చెరువు నీళ్లు ఏ మెట్టు దాకా ఉన్నాయన్నది. తర్వాత, పోయిన ఏడాది నాటినవాటిలో బతికినవెన్ని, చచ్చినవెన్ని, ఎందుకు. “చచ్చినవి కూడా రాస్తే పరువు పోదా?” అని అడిగారు కోశాధికారి. పోదండీ. కాలనీలో రోజూ వాకింగ్ చేసే ప్రతివాళ్లకీ ఆ ఎండు పుల్లలు కనబడుతూనే ఉన్నాయి. తెలియనట్టు నటిస్తున్నది మన బోర్డు ఒక్కటే.

వచ్చే ఆదివారం మీటింగు. ఈ సారి మాటలు కాదు, లెక్క తీసుకెళ్తున్నాను. జూన్ 5కి షామియానా, కుర్చీలు, మైక్‌సెట్, ఫ్లెక్సీ, శాలువా, బొకే, మెమెంటోకి పెట్టే ఖర్చు ఒక పక్క. ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలలు నీళ్లు పోసే ఆయనకి రోజుకు ఇంకో గంట కూలీ ఇంకో పక్క. రెండూ కలిపి చేసేంత డబ్బు మా దగ్గర లేదు. మొక్కలు జూలైలో నాటితే ఆయన కూలీ ఇచ్చాక కూడా కాస్త మిగులుతుంది, దాంతో తంగేడు విత్తనం సేకరించి నారు పోయొచ్చు. పెద్దాయన ఒప్పుకునేలా లేరు. శాలువా ఆయన చేతుల మీదుగానే కప్పిస్తారు మరి. ఆయన్ని కాలువ పూడికతీతకు ముఖ్య అతిథిగా పిలుద్దామని తీర్మానం పెడుతున్నాను.